రథోత్సవం కాస్తా రధోత్సవం అయింది: బెబాస్ లాంటి ఇరుకు, లావు ఫాంట్ పక్కన తెలుగు ఎలా పెట్టాలి?

ఫ్లెక్స్_కుర్రాడు

అందరికీ నమస్తే. ఖమ్మం దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఫ్లెక్స్ షాపులో డిజైన్ పని చేస్తున్నా, రెండేళ్ళయింది. ఎక్కడా నేర్చుకున్నది కాదు, యూట్యూబ్ చూసి, షాపులో పాత ఫైళ్ళు తెరిచి చూసి నేర్చుకున్నదే. కాబట్టి తప్పుగా అడిగితే తిట్టకండి.

పోయిన నెల మా పక్క ఊరి జాతరకి ఒక బ్యానర్ చేశా. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. రథోత్సవం, దాంతో పాటు కబడ్డీ పోటీలు. కబడ్డీ పేరు ఇంగ్లీష్‌లో కూడా కావాలన్నారు, దానికి బెబాస్ న్యూ వాడా. నాకు ఆ ఫాంట్ అంటే పిచ్చి. ఏది టైప్ చేసినా సినిమా పోస్టర్‌లా ఉంటుంది, తక్కువ చోటులో ఎంత పెద్ద మాటైనా నిలబడుతుంది. దాని పక్కన తెలుగు పెడితే మాత్రం పొట్టిగా, లావుగా, ఎవరో కూర్చున్నట్టు కనిపించింది. సరే అని తెలుగుని పక్కల నుంచి లాగి 60 శాతానికి కుదించా, బోల్డ్ బటన్ నొక్కా, పసుపు రంగు అవుట్‌లైన్ వేశా. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది.

సెంటర్లో కట్టాక చూస్తే "రథోత్సవం"లో థ కడుపులోని చుక్క చుట్టూ ఉన్న గీతలో కలిసిపోయింది. కింద నుంచి చూసినవాళ్ళందరికీ "రధోత్సవం" అని కనిపించింది. ఊళ్ళో తెలుగు మాస్టారు ఒకాయన ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి "మన ఫ్లెక్సోళ్ళకి థ రాదు" అన్నారు. నాకు థ వచ్చు సార్, టైప్ చేసింది థ నే! మా ఓనర్ మళ్ళీ సొంత ఖర్చుతో ప్రింట్ కొట్టించాడు. ఇప్పుడు ఇంకో జాతర ఆర్డర్ వచ్చింది, నాకు టెన్షన్.

అడిగేది రెండే. ఒకటి, బెబాస్ లాంటి ఫాంట్లు అంత ఇరుకుగా, అంత లావుగా ఉండి కూడా ఎలా చదవగలుగుతున్నాం, నేను కుదిస్తే ఎందుకు చెడిపోతోంది? రెండు, తెలుగులో అలాంటిది ఏమైనా ఉందా?

తిక్కశంకర్

ఇంపాక్ట్ వాడు, మీమ్ అవుతుంది. ఎలాగూ అయింది కదా.

అచ్చుపిచ్చి

పైనాయన్ని పట్టించుకోకు తమ్ముడూ. మొదటి ప్రశ్నకి నేను చెప్తా. కొంచెం పెద్దదవుతుంది, టీ తెచ్చుకుని కూర్చో.

ముందు నువ్వు చేసిన పని లెక్క చూడు. అక్షరంలో నిలువు గీత 20 మిల్లీమీటర్లు, అడ్డం గీత కూడా 20 మిల్లీమీటర్లు అనుకో. దాన్ని పక్కల నుంచి 60 శాతానికి కుదిస్తే నిలువు గీత 12 అవుతుంది, అడ్డం గీత 20 లాగే ఉంటుంది. అంటే అక్షరాన్ని నిలబెట్టే స్తంభాలు బక్కచిక్కిపోయి, దూలాలు మాత్రం లావుగా ఉన్నాయి. కంటికి అది వెంటనే తెలిసిపోతుంది, ఎందుకో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. నీకు అలా అనిపించే బోల్డ్ బటన్ నొక్కావు. ఆ బటన్ ఏం చేసిందంటే, నువ్వు వాడిన ఫాంటుకి విడిగా బోల్డ్ లేకపోతే గీతలన్నిటికీ చుట్టూ కాస్త మందం పూస్తుంది, అంతే. మందం బయటికీ వస్తుంది, లోపలికీ వస్తుంది. థ చుక్కకి లోపల ఉన్నదే కాస్త చోటు. పైగా అవుట్‌లైన్. అది బతికే అవకాశం ఎక్కడుంది?

ఇదే తప్పు బెబాస్ మీద కూడా చాలామంది చేస్తారు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే బెబాస్ న్యూకి ఒక్కటే మందం, దాని పేరు రెగ్యులర్. పేరు చూసి ఇది మామూలుది, బోల్డ్ చేద్దాం అనుకుంటారు. అది అప్పటికే లావుది! దానికి మళ్ళీ బోల్డ్ కొడితే ఇంగ్లీష్ ఎ, ఆర్, బి లోపలి ఖాళీలు మూసుకుపోయి అరిగిపోయిన రబ్బరు స్టాంపులా తయారవుతుంది.

ఇక అసలు సంగతి. ఇలాంటి ఫాంట్ గీసేవాడు నల్ల గీతల్ని గీయడు, మధ్యలో తెల్ల ఖాళీల్ని గీస్తాడు. ఇరుకుగా లావుగా ఉన్న అక్షరంలో మిగిలేది ఖాళీ ఒక్కటే, దాన్ని బట్టే కన్ను ఇది ఓ (O), ఇది డి (D) అని గుర్తుపడుతుంది. బెబాస్‌లో ఇంగ్లీష్ ఓ (O) అక్షరాన్ని పెద్దగా జూమ్ చేసి చూడు. దీన్ని జామెట్రిక్ (వృత్తం, గీతల్లాంటి ఆకారాలతో కట్టినది) అంటారు కదా అని వృత్తం ఉంటుందనుకుంటాం, ఉండదు. వృత్తాన్ని ఇరుకు చేస్తే కోడిగుడ్డు అవుతుంది. కోడిగుడ్లు వరసగా పెడితే వాటి మధ్య పైనా కిందా త్రికోణాల్లాంటి ఖాళీలు పడి వరస పళ్ళూడినట్టు ఉంటుంది. అందుకని పైన ఒక వంపు, కింద ఒక వంపు, మధ్యలో రెండు నిట్టనిలువు గోడలు. స్టేడియంలో పరుగు పందెం ట్రాక్‌ని నిలబెట్టినట్టు, లేదా క్యాప్సూల్ మాత్రలా. దాంతో ఓ గోడ, ఎన్ గోడ, హెచ్ గోడ అన్నీ ఒకే రకం నిలువు గీతలు అవుతాయి, వాటి మధ్య ఖాళీలు కూడా దాదాపు ఒకే వెడల్పు. దడి కట్టినట్టు సమానంగా వస్తుంది. బెబాస్‌లో నీకు నచ్చే ఆ "సినిమా పోస్టర్" గాంభీర్యం ఈ దడిలోంచి వచ్చిందే.

అయితే అదంతా స్కేలు పెట్టి కొలిచినట్టు ఉంటుందనుకోకు. ఒక ప్లస్ గుర్తు గీయి, రెండు గీతలూ సరిగ్గా ఒకే మందం. అడ్డం గీతే కాస్త లావుగా కనిపిస్తుంది. కన్ను అంతే. అందుకని అడ్డం గీతల్ని కాస్త సన్నం చేస్తారు, అప్పుడే సమానంగా కనిపిస్తాయి. ఓ లాంటి గుండ్రటి అక్షరాల్ని పైగీత, కిందిగీత రెండూ ఒక వెంట్రుక వాసి దాటిస్తారు, లేకపోతే హెచ్ పక్కన ఓ పొట్టిగా కనిపిస్తుంది. ఎమ్, డబ్ల్యూలలో ఏటవాలు గీతలు కలిసే చోట ఇంకు గడ్డ కట్టినట్టు నల్లబడుతుంది, అక్కడ గీతని లోపల్నుంచి చెక్కుతారు. ఇరుకు ఫాంట్ మంచిదా కాదా అని తెలియాలంటే ఓ చూడొద్దు, డబ్ల్యూ, ఎస్ చూడు. నాలుగు ఏటవాలు గీతల్ని అంత ఇరుకులో ఎలా ఇరికించాడో అక్కడ దొరికిపోతాడు.

బెబాస్ న్యూ గీసింది ర్యోయిచి త్సునెకావా, జపాన్ ఆయన, ధర్మ టైప్ అని ఆయన ఫౌండ్రీ, అంటే ఫాంట్లు తయారుచేసే సంస్థ. 2010లో వచ్చింది. పేరులో ధర్మ ఉందని మనవాళ్ళది అనుకునేవు, కాదు. చిన్న అక్షరాలు ఉండవు, చిన్నవి టైప్ చేసినా పెద్దవే వస్తాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ మీద ఉంది కాబట్టి వ్యాపారానికి వాడుకోవచ్చు, నీ షాపుకి ఇబ్బంది లేదు. ఫాంట్ ఫైలునే విడిగా అమ్మకూడదు, అంతే.

కానీ ఈ పోకడ ఆయన మొదలుపెట్టింది కాదు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ అనే ఆయన చెక్క అక్షరాల్ని మిషన్ మీద చెక్కే పద్ధతి తెచ్చాడు. అప్పటిదాకా పోస్టర్లకి పెద్ద సీసం అక్షరాలు పోయాలంటే బరువు, ఖర్చు, పైగా చల్లారేటప్పుడు ఎగుడుదిగుడు. చెక్క వచ్చాక ఎంత పెద్దవైనా చవకగా వచ్చాయి. కాగితం వెడల్పు మాత్రం ఎంతదో అంతే కదా. మూడక్షరాల మాటా అదే వెడల్పు నిండాలి, పన్నెండక్షరాల మాటా అదే వెడల్పులో పట్టాలి. అందుకే ఒకే రకాన్ని బాగా వెడల్పు నుంచి బాగా ఇరుకు దాకా రకరకాల కొలతల్లో చెక్కారు. నీ 12 అడుగుల ఫ్లెక్స్ బాధ రెండు వందల ఏళ్ళ నాటిదన్నమాట.

తర్వాత 1903లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ కోసం మోరిస్ ఫుల్లర్ బెంటన్ ఆల్టర్నేట్ గోథిక్ చేశాడు. నంబర్ వన్, టూ, త్రీ అని మూడు వెడల్పులు. హెడ్డింగ్ పొడుగైతే ఒకటి, పొట్టిదైతే మూడు. కుదించడం కాదు, మూడుసార్లు విడివిడిగా గీశాడు. అసలు పాఠం అదే. పాత యూట్యూబ్ లోగోలో ఉన్నది ఆ కుటుంబపు అక్షరాలే. నంబర్ వన్‌ని చూసి 2009లో లీగ్ గోథిక్ అని ఉచితంగా తెచ్చారు, అది కూడా ఓసారి వాడి చూడు, బెబాస్ కంటే కాస్త పాతవాసన, కానీ దానికి చిన్న అక్షరాలున్నాయి.

ఇంపాక్ట్ అని వెక్కిరించిన సోదరుడికి: అది 1965లో జెఫ్రీ లీ ఇంగ్లండ్‌లో స్టీఫెన్సన్ బ్లేక్ కోసం గీసిన మంచి పోస్టర్ ఫాంట్. మీమ్‌ల వల్ల పరువు పోయింది కానీ గీతలో లోపం లేదు.

తెలుగు సంగతి నాకు అంత చేతకాదు. పనిచేసేవాళ్ళు చెప్తారు.

ఫ్లెక్స్_కుర్రాడు

అన్నా, దండం. ఇప్పుడే ఓ జూమ్ చేసి చూశా, నిజంగా గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి! రెండేళ్ళ నుంచి రోజూ వాడుతున్నా, ఎప్పుడూ చూడలేదు. రెగ్యులర్ మీద బోల్డ్ కొట్టింది కూడా నేనే, పాత ఫైళ్ళన్నిటిలో అదే ఉంది. మరి తెలుగు?

సుజాత_డీటీపీ

బాబూ, నేను విజయవాడలో డీటీపీ చేస్తాను. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, పాత తెలుగు అను ఫాంట్ల కాలం నుంచి ఉన్నదాన్ని. నువ్వు చేసిన తప్పు మేమందరం చేసిందే, సిగ్గుపడకు. ఆ రోజుల్లో ఒక పత్రిక హెడ్డింగ్ పట్టకపోతే 80 శాతం, 70 శాతం అని నొక్కేవాళ్ళం. 85 దాకా ఎవరూ గుర్తుపట్టరు, 70 దాటితే పాపం అక్షరాలు ఊపిరాడనట్టు ఉంటాయి.

తెలుగులో కష్టం ఎక్కడంటే, ఇంగ్లీష్ పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు, కిందికి దిగేవి లేవు, పైకి లేచేవి లేవు. ఇటుకలు పేర్చినట్టు వరస మీద వరస పెట్టుకోవచ్చు. బెబాస్‌లో రెండు లైన్ల మధ్య వేలు దూరనంత దగ్గరగా పెట్టినా బాగుంటుంది. తెలుగు మూడంతస్తుల ఇల్లు. పైన తలకట్టు, గుడి, ఏత్వం. మధ్యలో అక్షరం. కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. నువ్వు "కబడ్డీ" అనే రాయి, డ మీద గుడి దీర్ఘం, కింద డ వత్తు. "రాష్ట్ర" రాయి, ష కింద ట వత్తు, దానితో ర వత్తు. ఈ మూడంతస్తులూ ఫాంట్ ఇచ్చే ఎత్తులోనే సర్దుకోవాలి కాబట్టి, అదే సైజులో ఇంగ్లీష్ పక్కన పెడితే తెలుగు అసలు అక్షరం చిన్నదై పొట్టిగా కనిపిస్తుంది. కూర్చున్నట్టు ఉందన్నావే, అది ఇదే. కాబట్టి కుదించక ముందు పెంచాలి! నేను చేసేది: వత్తులు వదిలేసి, తలకట్టుతో సహా ఒక క అక్షరం ఎత్తు పక్కనున్న ఇంగ్లీష్ అక్షరం ఎత్తుకి వచ్చేదాకా తెలుగు సైజు పెంచుతాను. వత్తులు కింద వేలాడతాయి, వేలాడనీ. ఆ కింద ఇంకో లైను అంటించకు, చోటు వదులు.

రెండోది, మన అక్షరాల్లో తేడాలు చాలా చిన్న చోట ఉంటాయి. ద, ధ, థ చూడు. ద కి కింద గీత పెడితే ధ, దాని కడుపులో చుక్క పెడితే థ. ర, ఠ అంతే. ప, ఫ, ష అంతే. ఇంగ్లీష్‌లో ఓ లోపల ఖాళీ సగం మూసుకుపోయినా ఓ అనే చదువుతాం. మనకి ఖాళీ మూసుకుపోతే వేరే అక్షరం అయిపోతుంది, నీకు అయినట్టు. అందుకే నేను ఏ కొత్త లావు ఫాంట్ వచ్చినా ముందు "రథం, ధర్మం, కఠినం, ఘాటు, ఝాన్సీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం" అని కొట్టి చూస్తాను. అందులో నెగ్గితేనే షాపులోకి రానిస్తాను.

వాడదగ్గవి చెప్తా. ఏక్ టైప్ వాళ్ళ అనేక్ తెలుగు. ముంబై సంస్థ, 2022లో వచ్చింది, 9 భారతీయ లిపులు, వాటితో లాటిన్, అన్నిటికీ ఒకే కుటుంబం. ఇందులో గొప్ప ఏమిటంటే మందం, వెడల్పు రెండూ జరుపుకోవచ్చు, వెడల్పు 75 నుంచి 125 దాకా, మందం 100 నుంచి 800 దాకా. ఇక్కడ 75 అంటే నువ్వు నొక్కిన 75 కాదు, వాళ్ళు కూర్చుని ఇరుకు రూపం విడిగా గీశారు, గీతల మందం పోదు. నీ సాఫ్ట్‌వేర్ పాతదై ఆ జరిపే సదుపాయం లేకపోయినా ఫర్వాలేదు, గూగుల్ ఫాంట్స్ నుంచి దించిన జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రాబోల్డ్ (ఇరుకు, బాగా లావు) ఫైలు వేసుకో. నోటో సాన్స్ తెలుగుకీ వెడల్పు తగ్గించే వీలుంది, అది మరీ బుద్ధిమంతుడిలా ఉంటుంది, జాతరకి సరిపోదు. సిలికాన్ ఆంధ్ర వాళ్ళు ఇచ్చిన వాటిలో రామభద్ర బాగా లావుది, హెడ్డింగులకి నిండుగా ఉంటుంది. కాకపోతే అది ఇరుకు కాదు, గుండ్రంగా విశాలంగా ఉంటుంది. అటు బెబాస్, ఇటు రామభద్ర పెడితే ఒకరు పొడుగు ఒకరు పొట్టి, పెళ్ళి ఫోటోలా ఉంటుంది. ఒక్కోసారి అదీ బాగుంటుంది, నిజం చెప్పాలంటే.

పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కిందకి వెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకో, ఫైలు మళ్ళీ కొత్తగా తెరువు. ఇది తెలియక ఫాంటే బాలేదని పారేసినవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు.

ఒకటి మర్చిపోయా. రూపాయి గుర్తు. 2010లో వచ్చిన గుర్తు కదా, పాత ఫాంట్లలో ఉండదు. ఒకసారి చీరల సేల్ కరపత్రంలో అంకెలన్నీ లావుగా ఇరుగ్గా ఠీవిగా ఉంటే ముందు ₹ మాత్రం సన్నగా వేరే ఫాంట్‌లోంచి వచ్చి పడింది. పది వేల కాపీలు అచ్చయ్యాక చూసుకున్నా.

కుంచె_పాతకాపు

సుజాత గారు చెప్పిందాంట్లో ఒక్కటి కలుపుతా. నేను ముప్పై ఏళ్ళు బోర్డులు, గోడలు రాసినవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చాక మా పని పోయింది, ఆ కోపం నీ మీద లేదులే బాబూ.

మాకు ఫాంట్లు లేవు, దుకాణం గుమ్మం మీద పలక ఉంది, ఆయన పేరుంది. "శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర ఎరువులు మరియు పురుగుమందుల దుకాణం" అని పదడుగుల బోర్డు మీద రాయమంటాడు, ఒక్క లైన్లోనే కావాలంటాడు. ముందు అక్షరాలు లెక్కపెట్టేవాళ్ళం. రంగు పొడి పూసిన దారం పట్టుకుని లాగి కొడితే గీత పడేది, పైగీత ఒకటి, కిందిగీత ఒకటి, వత్తుల కోసం ఇంకా కింద మూడోది. పట్టె కుంచె వెడల్పే అక్షరం మందం. అంటే అక్షరం ఇరుకైనా మందం మారదు, ఎందుకంటే కుంచె మారలేదు. మీరు పెద్ద పెద్ద మాటల్లో చెప్పింది మాకు కుంచె చెప్పేది.

తెలుగుని ఇరుకు చేయాలంటే గుండ్రాన్ని నొక్కేవాళ్ళం కాదు. ర, ల, స, వ వీటి పక్కల్ని నిలువు గోడలు చేసేవాళ్ళం, పైనా కిందా మాత్రం వంపు. ఆ జపాన్ ఆయన ఓ కి చేసింది అదేగా! తలకట్టుని పొడుగ్గా సాగనీయకుండా పొట్టిగా కొట్టి నిలబెట్టేవాళ్ళం. వత్తుని సగం సైజు చేసి ముందు అక్షరం కింద ఖాళీలోకి జరిపేవాళ్ళం, దాంతో పక్కకి అరంగుళం మిగిలేది. గుడి దీర్ఘాన్ని పైన పడుకోబెట్టేవాళ్ళం. థ చుక్కనీ, ఠ చుక్కనీ మాత్రం ఆఖర్న, సన్న కుంచెతో, లోపల నల్లరంగు కాస్త చెరిపి చోటు చేసి మరీ పెట్టేవాళ్ళం. చుక్క చిన్నదైనా ఫర్వాలేదు, చుట్టూ ఖాళీ ఉండాలి.

దూరం సంగతి కూడా విను. అంగుళం ఎత్తున్న అక్షరం పదడుగుల నుంచి హాయిగా చదవొచ్చు. రోడ్డుకి అవతలి వైపు అరవై అడుగులుంటే ఆరంగుళాలు కావాలి. అది మామూలు అక్షరానికి. ఇరుకైనదీ లావైనదీ అయితే ఇంకో రెండంగుళాలు కలుపుకో. స్క్రీన్ మీద చూసి మురిసిపోవద్దు. మేం నిచ్చెన దిగి రోడ్డు దాటి అవతల నుంచి చూసి మళ్ళీ ఎక్కేవాళ్ళం, రోజుకి నలభై సార్లు. మోకాళ్ళు అలా పోయినవే.

ఫ్లెక్స్_కుర్రాడు

బాబాయ్ గారూ మీరు రాసిన బోర్డు ఏదైనా ఇంకా ఉందా? ఫోటో పెట్టండి ప్లీజ్.

కుంచె_పాతకాపు

ఒకటుంది, దాని మీదే ఫ్లెక్స్ కట్టారు.

మాదాపూర్_పిక్సెల్

అందరూ బాగా చెప్పారు, కానీ ఎవరో ఒకరు ఎదురు మాట చెప్పాలి కదా. నేను హైదరాబాద్‌లో యాప్‌లకి డిజైన్ చేస్తాను. ఈ ఇరుకు లావు ఫాంట్ల మోజు వల్ల రోజూ గొడవే. పోస్టర్ మీద బాగుందని క్లయింట్లు బటన్ మీద కూడా అదే కావాలంటారు, అడ్రస్ కూడా, షరతులు కూడా. దీన్ని డిస్‌ప్లే ఫాంట్ అన్నారంటేనే పెద్దగా చూపించడానికని అర్థం. ఫోన్‌లో 14 పిక్సెళ్ళకి దించితే ఆ దడి మొత్తం ఒకే నల్ల పట్టీ అవుతుంది. పెద్ద సైజులో అక్షరాల్ని ఎంత దగ్గరగా పెడితే అంత అందం, చిన్న సైజులో దానికి పూర్తిగా రివర్స్, మధ్యలో ఎడం పెంచకపోతే చదవలేం. అయినా చిన్న సైజుకి వేరే ఫాంట్ వాడటమే మేలు.

ఇంకోటి, అందరూ పెద్ద అక్షరాలే ఉన్న ఫాంట్‌తో రెండు మూడు వాక్యాలు రాసేస్తారు. నాలుగైదు మాటలు దాటితే అరుస్తున్నట్టు ఉంటుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ చూడండి, అందరూ అదే ఫాంట్, అదే పసుపు, అదే నోరు తెరిచిన మొహం. ఏ చానెల్ ఏదో తెలియదు.

అచ్చుపిచ్చి

థంబ్‌నెయిల్స్ సంగతి ఒప్పుకుంటా, నోరు తెరిచిన మొహం తప్పు మాత్రం ఫాంట్‌ది కాదు. చిన్న సైజులో ఇరుకు అక్షరాలకి అసలు పనే లేదనడం కూడా సరి కాదు. హాలీవుడ్ పోస్టర్ కింద సన్నగా పొడుగ్గా పేర్ల గుంపు ఉంటుంది చూశారా? వాళ్ళ ఒప్పందాల్లో ఫలానావాళ్ళ పేరు టైటిల్ అక్షరాల సైజులో ఇంత శాతం ఉండాలని రాసుకుంటారు. సైజు అంటే ఎత్తు చూస్తారు. ఎత్తు తగ్గించకుండా చోటు మిగుల్చుకోవాలంటే దారి ఒకటే, బాగా ఇరుకు ఫాంట్. ఆ పేర్లు ఎవరూ చదవరు, నిజమే, కానీ ఒప్పందం నెరవేరింది.

ఆటల జెర్సీల మీద నంబర్లకి కూడా ఇదే వాడతారు, వీపు వెడల్పు ఎంతని. అక్కడ మాత్రం జాగ్రత్త, మరీ ఇరుకైతే 6, 8, 9 దూరం నుంచి ఒకేలా ఉంటాయి, 3 కూడా తోడవుతుంది. నైకీ వాళ్ళు "జస్ట్ డూ ఇట్" ని ఫ్యూచురా ఇరుకు, లావు రూపంలో వేశారు. ఫ్యూచురా మొదట 1927లో పాల్ రెన్నర్ గీసినప్పుడు ఓ అంటే నిండు వృత్తం. అదే ఓ ఇరుకు, లావు రూపంలోకి వచ్చేసరికి ఆ వృత్తం ఎక్కడుందో వెతుక్కోవాలి. పేరు జామెట్రిక్ అనే ఉండిపోయింది, ఇంటిపేరులాగా.

సుజాత_డీటీపీ

పిక్సెల్ గారూ, యాప్ వేరు, జాతర వేరు. జాతరలో అరవాలి! మైకు సెట్టు మధ్యలో గుసగుసలాడే ఫాంట్ ఎవరికి కావాలి?

ఫ్లెక్స్_కుర్రాడు

అందరికీ అప్‌డేట్. ఈసారి ఇలా చేశా.

కబడ్డీ ఇంగ్లీష్‌లో బెబాస్, బోల్డ్ తీసేశా. తెలుగుకి అనేక్ కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రాబోల్డ్, సుజాతక్క చెప్పినట్టు క అక్షరం తలకట్టు ఇంగ్లీష్ ఎత్తుకి వచ్చేదాకా పెంచా, చూస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. అవుట్‌లైన్ లోపలికి రాకుండా అక్షరం వెనకాల విడిగా లేయర్ పెట్టా. లైన్ల మధ్య చోటు వదిలా, వదిలాక ఆ చోటులో డ వత్తు వేలాడుతుంటే ముందు నాకే వింతగా అనిపించింది, తర్వాత బాగుందనిపించింది. "రథోత్సవం" మాత్రం 75 వెడల్పులో థ చుక్క నాకు నమ్మకంగా అనిపించలేదు, మందం 800 నుంచి 700కి దించా. పక్కన బెబాస్ కంటే ఒక పిసరు పలచగా ఉంది, నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

మొత్తం ప్రింట్ కొట్టకముందు ఆ ఒక్క మాటనే అసలు సైజులో, మిగిలిపోయిన ఫ్లెక్స్ ముక్క మీద కొట్టి మా షాపు ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టి, రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర నుంచుని చూశా. కొట్టు ఆయన్ని చదవమన్నా. "రథోత్సవం, ఎప్పుడు?" అన్నాడు.

డిజైన్ కమిటీవాళ్ళకి పంపా. ప్రెసిడెంట్ గారికి బాగా నచ్చిందట. ఆయన ఫోటో మాత్రం కాస్త పెద్దది చేసి, దానికి చోటు కోసం "ఆ అక్షరాలు కొంచెం పక్కకి నొక్కు" అన్నారు.

కుంచె_పాతకాపు

ఆయన ఫోటోనే 60 శాతానికి నొక్కి పంపు.